బల్ల విడిచి చాప దగ్గరకు

2025 అక్టోబరు నెలలో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా సంఘ యౌవనస్థులు నలుగురు మందుల పెట్టె మోసుకొని నాతోకూడ ఉప్పాడలోని ఒక షెల్టరుకు వచ్చారు. పెట్టె క్రింద పెట్టగానే వారిలో పెద్దవాడు లోపలినుండి ఒక బల్లను లాక్కొని వచ్చి, "ఆంటీ, బల్ల ఎక్కడ వేయమంటారు? మెట్ల దగ్గర వేస్తే అందరూ లైనులో వస్తారు" అన్నాడు.

"బల్ల వద్దు నాయనా. ఎక్కడిది అక్కడ పెట్టేసి రా" అన్నాను.

"మరి ఇంతమందిని ఎలా చూస్తామండి?"

"వాళ్లు మన దగ్గరకు రావద్దు. మనమే వెళ్దాము. ఒక్కొక్క చాప దగ్గర కూర్చుందాము."

పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నారు గాని నా మాట కాదనలేదు. ఆ మాట వెనుక 29 సంవత్సరముల నాటి నా తప్పు ఒకటి ఉన్నది. ఇంతవరకు దానిని నా భర్తకు, అప్పటి మా కాపరిగారికి తప్ప ఎవ్వరికిని పూర్తిగా చెప్పలేదు. సముద్రతీర గ్రామములలోని సంఘములకు ఉపయోగపడునేమో అని ఇప్పుడు వ్రాయుచున్నాను.

మా ప్రాంతమును ఎరుగని చదువరుల కొరకు రెండు మాటలు. కాకినాడకు ఉత్తరముగా సముద్రపు ఒడ్డున ఉన్నది ఉప్పాడ. జాందానీ చీర వలన ఈ పేరు దేశమంతటా తెలిసినది. 2009లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఊరిలో ఒక ప్రక్క మగ్గములు, మరొక ప్రక్క వలలు, పడవలు. ఇక మూడవది సముద్రము. అది ఏటేటా ఊరిని కొంచెము కొంచెము మింగుచునే ఉన్నది. మా పెద్దలు ఇళ్లు కట్టుకొన్న చోట ఈనాడు అలలు ఉన్నవి. రాళ్లు పోశారు, పెద్ద పెద్ద గుడ్డ గొట్టములలో ఇసుక నింపి గోడవలె వేశారు. అయినను గట్టి తుఫాను వచ్చినప్పుడెల్లా కాకినాడ బీచి రోడ్డు కోతపడుచున్నది. కావున తుఫాను అనే మాట వినగానే మూటలు కట్టుకొని షెల్టరుకు నడచుట ఇక్కడి బిడ్డలకు పుట్టినప్పటినుండి అలవాటే.

ఈ షెల్టరులకు కూడ ఒక చరిత్ర ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ఒక్క రాత్రిలో కొట్టుకొని పోయారు. గాలికంటె నీరే ఎక్కువమందిని చంపినదని అప్పుడు అందరికి తెలిసినది. అటు తరువాత ప్రభుత్వము, స్వచ్ఛంద సంస్థలు తీరము పొడవునా ఎత్తైన స్తంభముల మీద గట్టి భవనములు కట్టించుట మొదలుపెట్టినవి. 2011 తరువాత ప్రపంచ బ్యాంకు సహాయముతో మరికొన్ని వచ్చినవి. మామూలు దినములలో వాటిలో బడి నడుస్తుంది, సమావేశములు జరుగుతవి. తుఫాను దినములలో ఊరంతటికి అదే ఇల్లు.

ఉప్పెననుండి ప్రాణమును దాచుటకు ఆ భవనములు చాలును. అయితే దాచుకొన్న ఆ ప్రాణమును తరువాతి నాలుగు దినములు నిలుపుకొనుటకు స్తంభములు, గోడలు మాత్రమే చాలవు. ఆ సంగతి నేను 1996లో నేర్చుకొన్నాను.

ఆ సంవత్సరము నవంబరు 6వ తేదీ, బుధవారము రాత్రి, కాకినాడకు సుమారు 50 కిలోమీటర్లు దక్షిణముగా తుఫాను తీరము దాటినది. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినవి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు వెళ్లి తిరిగి రాని మత్స్యకారులు అనేకులు. అప్పుడు నాకు 31 సంవత్సరములు. ఒక మిషను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పని చేయుచుండేదానను. సెలవు మీద కొత్తపల్లిలోని మా అత్తగారింటికి వచ్చి ఉన్నాను. శుక్రవారము ఉదయము మా కాపరిగారు సైకిలు నడిపించుకొంటూ వచ్చారు. రోడ్డు మీద చెట్లు పడిపోయినందున సైకిలు ఎక్కుటకు వీలు లేదు. "అమ్మా, తీరములోని షెల్టరులో జనము క్రిక్కిరిసి ఉన్నారట. డాక్టరుగారు రావడానికి ఇంకా రెండు దినములు పట్టేటట్టున్నది. నీవు రాగలవా?" అని అడిగారు. ఒక రేకు పెట్టెలో జ్వరము బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లములు, దూది, టింక్చరు, కట్టుగుడ్డలు సర్దుకొని బయలుదేరాము.

ఆ హాలును నేను ఎన్నటికి మరువలేను. తడిచిన వలల వాసన, పొగ, బిడ్డల ఏడ్పు. ఒక కుటుంబమునకు ఒక చాప. ఆ చాపమీదనే బియ్యపు డబ్బా, దేవుని పటమో బైబిలో, కోడిపిల్లలు, ముసలితల్లి. స్త్రీలు కిటికీల దగ్గర నిలువబడి సముద్రమువైపే చూచుచున్నారు. వేటకు వెళ్లిన పడవలలో కొన్ని ఇంకా తిరిగి రాలేదు.

నేను ఆసుపత్రి క్రమశిక్షణలో పెరిగినదానను. మెట్ల దగ్గర బల్ల వేయించాను. వరుస కట్టించాను. ఒక నోటుపుస్తకములో పేరు, వయస్సు, జబ్బు, ఇచ్చిన మందు వ్రాశాను. సాయంత్రమునకు నూటికి పైగా పేర్లు వచ్చినవి. దెబ్బలకు కట్లు కట్టాను, జలుబు, జ్వరములకు బిళ్ళలు ఇచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు కాపరిగారు, "ఈ దినము మంచి పని జరిగినదమ్మా" అన్నారు. నాకును అట్లే తోచినది. రాత్రి పడుకొనే ముందు ఆ పుస్తకము తీసి పేర్లు మరల లెక్కపెట్టుకొన్నానని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

ఆ దినము మాకు నీళ్లు మోసి ఇచ్చినవాడు పదహారేళ్ల కుర్రవాడు ఒకడు. వాని తండ్రి వెళ్లిన పడవ తిరిగి రాలేదు. ఎవ్వరితోను మాటలాడడు. బిందె ఖాళీ అయితే చాలు, పరుగెత్తి నింపుకొని వస్తాడు. మధ్యలో రెండుసార్లు కడుపునొప్పి అని బల్ల దగ్గరకు వచ్చాడు. పొట్ట నొక్కి చూచి, ఏమియు లేదని ఒక బిళ్ళ ఇచ్చి పంపాను. వాని పేరు కూడ పుస్తకములో రెండుసార్లు ఎక్కినది.

శనివారము మరల వెళ్లాము. మరల బల్ల, మరల వరుస. మధ్యాహ్నము ఆ కుర్రవాడు మూడవసారి వచ్చి నిలువబడ్డాడు. వెనుక జనము తొందరపడుచున్నారు. "మళ్లీ కడుపునొప్పేనా?" అన్నాను. నా గొంతులో కొంచెము విసుగు ఉన్నది.

వాడు తల వంచుకొని, "నాకు కాదండి సిస్టరుగారూ. మా చెల్లి లేవట్లేదండి" అన్నాడు.

హాలు చివర వలల కుప్ప వెనుక పద్నాలుగేళ్ల ఆడపిల్ల గోడవైపు తిరిగి పడుకొని ఉన్నది. ఒళ్లు కాలిపోవుచున్నది. చలికి వణుకుచున్నది. పెదవులు ఎండిపోయి చీలినవి. నడుము ప్రక్కన చెయ్యి వేస్తే కెవ్వుమన్నది. మూత్రము మంటగా ఉన్నదా అని అడిగితే తల ఆడించినది. నీళ్లు ఎప్పుడు త్రాగావంటే జవాబు లేదు.

తల్లి నా చెవి దగ్గరకు వంగి చెప్పినది: "ఎలా తాగుద్దండి అమ్మగారూ? తాగితే బయటికెళ్లాలి కదండీ. ఉన్న ఒక్క దొడ్డీ బుధవారం రాత్రే నిండిపోయింది. పగలంతా గట్టుమీద మగాళ్లే. చీకటి పడితేనే మేం వెళ్లేది. దానికి తోడు మొన్నటినుంచి బయట ఉంది. మార్చుకోడానికి గుడ్డ లేదు. సిగ్గుతో చచ్చిపోతోందండి."

నేను అక్కడే ఆ చాప మీద కూలబడినాను. ఆ పిల్ల మూడు దినములు నీళ్లు త్రాగకుండ, మూత్రము బిగబట్టుకొని, ఒక్క గుడ్డతో ఉన్నది. నేను వేసిన బల్లకు ఆ చాపకు మధ్య ముప్పై అడుగుల దూరము కూడ లేదు.

అదే కుప్పకు అవతలి ప్రక్క ఒక ముసలమ్మ చీరకొంగు నోటిలో కుక్కుకొని దగ్గును ఆపుకొనుచున్నది. ఆమెకు క్షయ. మూడు నెలలుగా వాడుచున్న మందులు ఇంటితోకూడ నీళ్లపాలైనవి. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "నా జబ్బు తెలిస్తే పిల్లలున్నోళ్లు నన్ను ఇక్కడ ఉండనిత్తారా తల్లీ?" అన్నది.

నా పుస్తకములో నూరుపేర్లు ఉన్నవి. ఈ ఇద్దరి పేర్లు లేవు. వరుసలో నిలువగలిగిన వారిని మాత్రమే నేను చూచితిని. వరుసలో నిలువలేనివారు, నిలుచుటకు సిగ్గుపడువారు, నిలిస్తే తరిమివేస్తారని భయపడువారు నా కంటికి ఆనలేదు. జబ్బు ఎక్కువైన కొలది మనిషి బల్లకు దూరమవుతాడని నాకు ఏ నర్సింగు స్కూలులోను ఎవ్వరును చెప్పలేదు.

ఆ పిల్లను కాకినాడకు చేర్చుటకు నాలుగు గంటలు పట్టినది. కాపరిగారు, మరి ముగ్గురు యౌవనస్థులు మంచమునకు వెదురు కట్టి మోశారు. చెట్లు తొలగించిన చోటినుండి ఒక టెంపో దొరికినది. దారి పొడవునా నేను చెంచాతో ఓఆర్ఎస్ నీళ్లు పోయుచు, ప్రార్థించుచు, నన్ను నేను నిందించుకొనుచు కూర్చున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగారు చూచి, చీము మూత్రపిండముల వరకు ప్రాకినదనియు, ఇంకొక దినము ఆలస్యమైతే రక్తములో కలిసిపోయేదనియు చెప్పారు. సెలైను, ఇంజెక్షనులతో ఎనిమిది దినములకు కోలుకొన్నది. దేవునికి స్తోత్రము.

ఆదివారము ఆరాధన అయిన వెంటనే మా స్త్రీల సమాజమువారిని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. అప్పటివరకు చర్చిలో ఎవ్వరును పలుకని మాటలు కొన్ని ఆ దినము పలుకవలసి వచ్చినది. ఒకరిద్దరు తల దించుకొన్నారు. అప్పుడు ఒక పెద్దమ్మ లేచి, "మనమందరము ఆడవాళ్లమే కదా, సిగ్గెందుకు? పాత నూలు చీరలు తీయండి" అన్నది. మధ్యాహ్నమునకు మెత్తని నూలు గుడ్డలు మరిగించి ఉతికి ఆరవేసిన మూటలు సిద్ధమైనవి. యౌవనస్థులు తాటాకులతో, గోనెపట్టలతో షెల్టరు వెనుక స్త్రీలకు వేరుగా రెండు మరుగుదొడ్లు కట్టారు. రాత్రివేళ అక్కడ ఒక లాంతరు వ్రేలాడదీశారు. ఆ లాంతరు వెలుగు ఎంతమంది ఆడపిల్లలను కాపాడినదో చెప్పలేను. ఆ రాత్రినుండి వారు కడుపునిండ నీళ్లు త్రాగారు.

బల్లను ఎత్తివేశాము. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి ప్రతి చాప దగ్గరకు వెళ్లి కూర్చున్నాము. స్త్రీల దగ్గర స్త్రీ, మగవారి దగ్గర మగవాడు. మొదటి మాట జబ్బును గురించి కాదు. "రాత్రి నిద్ర పట్టిందా? నీళ్లు త్రాగారా? ఇంటిదగ్గర ఏమైనా బిళ్ళలు వాడేవారా?" అంతే. అలా కూర్చుంటే, విరేచనములు మొదలైన బిడ్డ మొదటి పూటనే దొరికినది. ఆ ముసలమ్మను గాలి బాగా వచ్చే కిటికీ ప్రక్కకు మార్చి, ఆమెను ఎవ్వరును వెళ్లగొట్టకుండ కాపరిగారు ఆమె చాప ప్రక్కనే కూర్చొని భోజనము చేశారు. రెండు దినములలో ఆమె మందులు ఆసుపత్రినుండి తెప్పించాము.

ఇక ఆ కుర్రవాని కడుపునొప్పి. సోమవారము వాని చాప దగ్గర కూర్చొని, "మీ నాన్నగారు ఎలాంటివారు?" అని అడిగాను. చాలసేపు వాడు పలుకలేదు. తరువాత తండ్రి వల ఎలా విసిరేవాడో, తనకు ఈత ఎలా నేర్పాడో చెప్పుచు వెక్కివెక్కి ఏడ్చాడు. నేను మందు ఏమియు ఇవ్వలేదు. మరునాటినుండి నీళ్ల డ్రమ్ములలో క్లోరిన్ బిళ్ళలు వేసే పని వానికి అప్పగించి, గడియారము చేతికిచ్చి, అరగంట గడిచేవరకు ఎవ్వరిని త్రాగనివ్వవద్దని చెప్పాను. వాడు ఆ పని ఎంతో శ్రద్ధగా చేశాడు. తండ్రి తిరిగి రాలేదు. గాని కడుపునొప్పి మరల వచ్చినట్లు నాకు చెప్పలేదు.

ఆ తరువాత చాల సంవత్సరములకు ఒక సంగతి తెలిసి నా మనస్సునకు ఎంతో ఆదరణ కలిగినది. అమెరికాలోని బోస్టన్ నగరములో ఇల్లులేనివారు రాత్రులు తలదాచుకొనే పైన్ స్ట్రీట్ ఇన్ అను ఆశ్రయము ఉన్నది. 1985లో జిమ్ ఓకానెల్ అను యువ డాక్టరు అక్కడ వైద్యము చేయుటకు వెళ్లినప్పుడు, బార్బరా మెకిన్నిస్ అను నర్సు ఆయనను వెంటనే పరీక్షలు మొదలుపెట్టనివ్వలేదు. స్టెతస్కోపు ప్రక్కన పెట్టి, ముందు వారి పాదములను వేడినీటి తొట్టిలో నానబెట్టి కడుగుమన్నది. పెద్ద చదువులు చదివిన ఆ డాక్టరు మోకాళ్లూని పాదములు కడిగాడు. కొంతకాలమునకు, ఎన్నడును డాక్టరుతో మాటలాడనివారు నోరు తెరచి తమ బాధలు చెప్పుట మొదలుపెట్టారు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును ఎరిగిన మనకు ఇది క్రొత్త పాఠమా? కాదు. అయినను నేను దానిని ముప్పై అడుగుల దూరములో మరచిపోతిని.

మంచి సమరయుని కథ మనకందరకు కంఠతా వచ్చును. ఆయన దారి ప్రక్కన కొట్టు పెట్టుకొని, దెబ్బలు తగిలినవారు వచ్చి వరుసలో నిలువుడి అనలేదు. పడియున్నవాని దగ్గరకు తానే వెళ్లాడు. వాహనము దిగి వంగి చూచాడు. పైగా సత్రము వరకు తీసికొనిపోయి, తరువాతి ఖర్చునకు కూడ పూచీపడి, మరల వస్తానని చెప్పాడు. షెల్టరులో పనిచేయువారికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము లేదు.

ఈ 29 సంవత్సరములలో ఎన్నో మంచి మార్పులు వచ్చినవి. 2005 ఆగస్టు 15నుండి మన రాష్ట్రములో 108 అంబులెన్సు తిరుగుచున్నది. ఊరూరా ఆశా కార్యకర్తలు ఉన్నారు. తుఫాను కబురు రాగానే నెలలు నిండిన గర్భిణీ స్త్రీలను ముందుగానే ఆసుపత్రికి చేర్చుచున్నారు. ఇది గొప్ప మేలు. అయితే అంబులెన్సు పిలిచినవారి దగ్గరకే వస్తుంది. పిలువలేనివారి సంగతి ప్రక్క చాపవారే చూడవలెను. కావున రాబోవు తుఫాను కాలమునకు ముందే ఈ కొన్ని సంగతులు మీ సంఘములలో, మీ ఇండ్లలో మాటలాడుకొనుడని బ్రతిమాలుచున్నాను.

మొదట ఇంటి మూట. బియ్యము, బంగారముకంటె ముందు మీరు దినము వాడే బిళ్ళలు, డాక్టరు చీటీ, బిడ్డల టీకాల కార్డు, ముసలివారి కళ్లద్దాలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుడి. బీపీకి, షుగరుకు, క్షయకు, మూర్ఛకు వాడే మందులు ఒక్క పూట కూడ తప్పకూడదు. ఇన్సులిన్ వాడువారు కరెంటు పోయినను భయపడనక్కర లేదు. మట్టికుండలో, తడిగుడ్డ చుట్టి, నీడలో ఉంచిన ఇన్సులిన్ కొన్ని దినములు చెడిపోకుండ ఉంటుంది. మంచుగడ్డకు మాత్రము తగలనివ్వకూడదు. ఎదిగిన ఆడపిల్లలున్న ఇంట వారికి కావలసిన గుడ్డలు, సబ్బు మరువకుడి.

తరువాత నీళ్లు. విరేచనములు పట్టిన బిడ్డకు ఓఆర్ఎస్ పొట్లము దొరకకపోతే, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాలు తలకొట్టి పంచదార, అర టీ చెంచా తలకొట్టి ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుడి. ఉప్పు ఎక్కువైతే హాని. తల్లిపాలు మానుపకూడదు. చిన్నబిడ్డలకు ఆశా కార్యకర్త ఇచ్చే జింకు బిళ్ళలు విరేచనములు ఆగినను 14 దినములు వేయవలెను. కన్నులు లోతుకుపోయినను, బిడ్డ మగతగా ఉన్నను ఇక ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తుడి.

ఇంకొకటి, పాములు. నీళ్లు వచ్చినప్పుడు వాటికిని గట్టే ఆశ్రయము. కరిచినచో కోయుట, నోటితో పీల్చుట, బిగించి త్రాడు కట్టుట చేయరాదు. ఆ కాలో చెయ్యో కదలకుండ ఉంచి, మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. మంత్రగాని దగ్గర పోగొట్టుకొన్న గంట తిరిగి రాదు.

చివరగా యౌవనస్థులు. షెల్టరులో పెద్దలకు వంట, చిన్నవారికి ఆట. పద్నాలుగు మొదలు ఇరవై యేండ్ల వారిని ఎవ్వరును పట్టించుకొనరు. వారు అడుగరు, ఏడ్వరు. కడుపునొప్పి అంటారు, లేక గోడవైపు తిరిగి పడుకొంటారు. వారిని కనిపెట్టి అడుగుడి. తరువాత వారి చేతికి ఒక పని ఇయ్యుడి.

ఇప్పుడు మొంథా తుఫాను దినమునకు తిరిగి వస్తాను. ఆ రాత్రి, అనగా అక్టోబరు 28న, తుఫాను నరసాపురము దగ్గర తీరము దాటినది. మా దగ్గర సముద్రము భయంకరముగా పొంగి రోడ్డును మరల కోసివేసినది. లోపల మా పిల్లలు నలుగురు ఇద్దరిద్దరుగా విడిపోయి చాప చాప దగ్గర కూర్చున్నారు. మొదట వారికి మాటలు రాలేదు. గంట గడిచేసరికి ఒకడు పరుగున వచ్చి, "ఆంటీ, ఆ మగ్గం తాతగారి కాలికి పుండుందండి. షుగరంట. సాక్సు వేసుకుని దాచేశారు" అన్నాడు. వాని ముఖములో నేను 1996లో లెక్కపెట్టుకొన్న పుస్తకముకంటె మంచి సంతోషము కనబడినది. ఆ తాతగారి పుండు కడిగి కట్టు కట్టి, తెల్లవారగానే ఆసుపత్రికి పంపాము.

రాత్రి తొమ్మిది గంటలప్పుడు తడిసిన గొడుగుతో ఒక స్త్రీ మెట్లెక్కి వచ్చినది. నలభై దాటిన వయస్సు, వెంట ఇద్దరు ఎదిగిన బిడ్డలు. చంకలో ఒక మూట. నేను పోల్చుకొనలేదు. ఆమె తిన్నగా నా దగ్గరకు వచ్చి మూట నా ఒడిలో పెట్టి, "ఆడపిల్లలకి ఇవ్వండి అమ్మగారూ. ఉతికి ఎండలో ఆరేసినవే. తుపానంటే చాలు, ముందు ఇదే సర్దుతాను" అన్నది.

విప్పి చూస్తే మడతపెట్టిన మెత్తని నూలు గుడ్డలు. అప్పుడు ఆమె ముఖము చూచాను. వలల కుప్ప వెనుక గోడవైపు తిరిగి పడుకొన్న ముఖము అదే.

"మీ అన్నయ్య ఎలా ఉన్నాడమ్మా?" అన్నాను.

"కాకినాడ హార్బరులో బోటు మీద పనండి. ఇప్పుడే ఫోను చేశాడు. నీళ్లలో బిళ్ళ వేశారో లేదో కనుక్కోమన్నాడు."

మేమిద్దరము నవ్వుకొన్నాము, కన్నులు తుడుచుకొన్నాము. తరువాత ఆమె నా వెంట రెండవ వరుస చాపల దగ్గరకు వచ్చి, ఒక ఆడపిల్ల ప్రక్కన కూర్చొని, "నీళ్లు తాగావా అమ్మా?" అని అడిగినది.

ప్రియ చదువరులారా, నాకు ఇప్పుడు అరవై దాటినవి. మోకాళ్లు నొప్పులు. చాప మీద కూర్చుంటే లేచుటకు ఒకరు చెయ్యి ఇవ్వవలెను. అయినను బల్ల వేసుకొని కూర్చోలేను. మీ ఊరి షెల్టరులో కూడ గోడవైపు తిరిగి పడుకొన్నవారు ఎవరో ఒకరు తప్పక ఉంటారు. వారు మీ దగ్గరకు రారు. మీరే వెళ్లుడి. ప్రభువు మీకు తోడైయుండును గాక.